కార్డు కాల్చింది ఆయన కాదు

ఆ కాగితం మీద ఉన్నది నా చేతిరాతే. 'కారణం' అని అచ్చు వేసిన గడిలో నేనే రాశాను: లేబర్ తీగలు షార్ట్ చేయడం వల్ల కార్డు కాలిపోయింది. కింద నా సంతకం, దుకాణం ముద్ర. రాయడానికి అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ అర నిమిషం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాది భద్రాచలంలో చిన్న ఎలక్ట్రానిక్స్ రిపేరు దుకాణం. మా నాన్న, మేం అబ్బా అంటాం, ఖమ్మంలో మోటార్లకు వైండింగ్ చేసేవాడు. మా అన్నలిద్దరికీ ఆ పని మీద మనసు లేదు, నాకుంది. పదేళ్లు వచ్చేసరికి రాగి తీగను వేళ్ల మధ్య నలిపి ఎన్నో నంబరుదో చెప్పేదాన్ని. పాలిటెక్నిక్ చదివి, పెళ్లయి ఇటు వచ్చాక వైండింగ్ వదిలి కార్డుల, అంటే సర్క్యూట్ బోర్డుల, పనిలోకి దిగాను. లారీలు తూచే వేబ్రిడ్జిల డిస్‌ప్లేలు, రైసుమిల్లుల ప్యానెళ్లు, బోరు స్టార్టర్లలో బోర్డులు, ఏది ఆగినా నా దగ్గరికే వస్తాయి. ఆడమనిషి ఏం బాగుచేస్తుందని మొదట్లో నవ్వినవాళ్లు తర్వాత కార్డును గుడ్డలో చుట్టుకుని పొద్దున్నే వచ్చి షట్టర్ ముందు కూర్చునేవాళ్లు. అందువల్ల నాకు కొంచెం గర్వం ఉండేది. ఆ గర్వం ఎంత పనికిమాలిందో ఈ సంగతిలోనే తెలిసింది.

సారపాక దాటాక, అడవి మొదలయ్యే చోట ఒక ప్రైవేటు నర్సరీ ఉంది. జామాయిల్ మొక్కలు పెంచుతారు. తల్లి మొక్కల నుంచి వేలెడంత కొమ్మలు కత్తిరించి, ట్రేలలో గుచ్చి, ప్లాస్టిక్ కప్పిన పొడుగాటి గుడారాల్లో పెడతారు. వాటిని మిస్ట్ చాంబర్లంటారు. లోపల ప్రతి కొన్ని నిమిషాలకూ పొగమంచులాంటి తుంపర పడుతుండాలి. ఇంకా వేరు పుట్టని కొమ్మ ఆ తడి మీదే బతుకుతుంది. మే నెల ఎండలో అరగంట తుంపర ఆగిందంటే ఆకులు వేలాడేసి ఇక లేవవు.

చాంబర్లు ఎనిమిది. ఒక్కోదాంట్లో గాలిలో తేమ ఎంతుందో కొలిచే పెట్టె ఒకటి. ఎనిమిది పెట్టెలనూ కలుపుతూ, ఒకదానికొకటి మెలేసిన రెండు సన్నటి తీగలు ఆఫీసు గదిలో ప్యానెల్ దాకా వస్తాయి. ప్యానెల్ ఒక్కో పెట్టెనూ వరసగా అడుగుతుంది, నీ దగ్గర తేమ ఎంత అని. పెట్టె జవాబు చెబుతుంది. దాన్ని బట్టి ప్యానెల్ తుంపర విడుస్తుంది. ఆ తీగల్లోకి మాటను తోసే చిన్న చిప్‌ను లైన్ డ్రైవర్ అంటాం. ఎనిమిది కాళ్లు, చింతగింజ కన్నా చిన్నది.

ఆ చిప్ గురించి ఒక్క విషయం తెలిస్తే చాలు. పొలాల్లో, ఫ్యాక్టరీల్లో వందల మీటర్ల పొడవున వెళ్లే తీగలకు దాన్ని తగిలిస్తారు. అంత పొడవు తీగను ఎక్కడో ఒకచోట ఎలుక కొరుకుతుంది, పార తగులుతుంది, తోలు ఊడి రెండు తీగలూ కలిసిపోతాయి. ఇలా జరుగుతుందని తయారుచేసినవాళ్లకు ముందే తెలుసు. అందుకే లోపల ఒక హద్దు పెట్టారు. తీగలు రెండూ కలిసిపోయినా ఇంతకు మించి కరెంటు వదలదు. అప్పటికీ మరీ వేడెక్కితే తనంతట తాను ఆగి, చల్లారాక మళ్లీ మొదలుపెడుతుంది. ఎంతసేపు కలిపి ఉంచినా చావకూడదు. ఆ హద్దు ఎన్ని మిల్లీయాంపులో తయారుచేసినవాళ్లు ఇచ్చే వివరాల కాగితంలో, డేటాషీట్‌లో, రాసే ఉంటుంది. ఇది నాకు పాలిటెక్నిక్ రోజుల నుంచీ తెలుసు. తెలిసీ ఆ కాగితం రాశాను.

ఆ నర్సరీలో ఒక కోయ పెద్దాయన పనిచేసేవాడు. యాభై దాటాయి. పక్కనే అడవిలో వాళ్ల గూడెం. పైపులు, వాల్వులు, తుంపర నాజిళ్లు చూసుకోవడం ఆయన పని. నేను కాకా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. ప్యానెల్ పెట్టిన కొత్తలో తీగల జాయింట్లు వదులైతే నన్ను పిలిచేవాళ్లు. నేను స్కూటీ మీద వెళ్లి జాయింటు బిగించి వచ్చేదాన్ని. నేను పనిచేస్తుంటే కాకా వెనకే నిలబడి చూసేవాడు. వట్టిగా చూడడం కాదు, చివరికి ఒక ప్రశ్న అడిగేవాడు. ఆ ప్రశ్న చాలాసార్లు నేను ఆలోచించి జవాబు చెప్పాల్సినదై ఉండేది. ఒకసారి, రెండు తీగలనూ ఎందుకు మెలేస్తారు, పక్కపక్కనే పోనిస్తే ఏమైతది అని అడిగాడు. నా క్లాసులో నలభై మందిలో ఎవరూ ఆ మాట అడగలేదు.

అందుకే ఒకరోజు ఆయనకు తీగ తెగిన చోటు పట్టుకోవడం నేర్పించాను. కష్టమేమీ కాదు. ప్రతి చాంబరు దగ్గరా ఒక జంక్షన్ పెట్టె ఉంటుంది. దాని మూత తీసి రెండు తీగలనూ అక్కడ వేళ్లతో కలిపి పట్టుకోవాలి. ఆఫీసులో ఎవరైనా ప్యానెల్ చూడాలి. తెర మీద మిగిలి ఉన్న అంకెలు కూడా ఒక్కసారిగా పోయాయంటే ఆఫీసు నుంచి అక్కడిదాకా తీగ బాగున్నట్టే. పోలేదంటే తెగింది అంతకన్నా ముందే. ఇలా ఒక్కో పెట్టె దగ్గరా చూసుకుంటూ పోతే తెగిన చోటు దొరుకుతుంది.

"కరెంటు ఉండంగనే కలపాల్నా?" అని అడిగాడు కాకా. "కార్డు కాలదా?"

"కాలదు కాకా. ఎంతసేపు కలిపినా కాలకుండా చేసిన్రు దాన్ని. నాది పూచీ."

ఆ మాట అన్నది నేను. చాంబర్లో కొమ్మలు గుచ్చుతున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా విన్నారు.

ఆ తర్వాత ఏడాదిలో జాయింట్ల కోసం నన్ను పిలవడం తగ్గిపోయింది. కాకానే చూసుకునేవాడు. నాకు ఒక ఫోన్ చేసి, దొరికింది బిడ్డా అని చెప్పి పెట్టేసేవాడు.

ఆ మే నెలలో ఒక మధ్యాహ్నం నర్సరీ ఓనర్ ఫోన్ చేశాడు. ప్యానెల్ ఆగిపోయింది, జల్దీ రమ్మన్నాడు. నేను వెళ్లేసరికి గంట దాటింది. ప్యానెల్ తెర మీద ఎనిమిది చోట్లా గీతలే ఉన్నాయి. కార్డు బయటికి తీస్తే లైన్ డ్రైవర్ చిప్ నడినెత్తిన పగిలి ఉంది, చుట్టూ గోధుమరంగు మరక. అడిగితే ఓనర్ చెప్పాడు. చివరి రెండు చాంబర్ల అంకెలు పొద్దుట నుంచీ రావట్లేదట. పెద్దాయన తీగ వెతకడానికి పోయి ఏదో కలిపాడట. కాసేపటికి ప్యానెల్లోంచి వాసన వచ్చి మొత్తం పోయిందట. పెట్టెల నుంచి జవాబు రాకపోతే ఆ ప్యానెల్ తుంపరనే ఆపేస్తుంది. అలా ఎందుకు తయారుచేశారో దాన్ని అమ్మినవాళ్లకే తెలియాలి.

ఓనర్ ఫోన్ నా చేతికిచ్చాడు. అవతల ప్యానెల్ అమ్మిన కంపెనీ ఇంజనీరు, హైదరాబాద్ నుంచి. చాలా మర్యాదగా మాట్లాడాడు. లేబర్ తీగలు షార్ట్ చేసినట్టున్నారు మేడం, రిపోర్టులో అది రాసి పంపండి, కొత్త కార్డు మేం చూసుకుంటాం అన్నాడు. షార్ట్ చేస్తే పోకూడదు కదా అని నేను నోరు తెరవబోయాను. ఫీల్డ్‌లో చాలా చూశాం మేడం అన్నాడు. ఓనర్ పెన్ను తీసి నా ముందు పెట్టాడు. గదిలో ఉక్కపోత. దుకాణంలో ఒక రైసుమిల్లు కార్డు విప్పి పెట్టి వచ్చాను, దానికి తొందర ఉంది.

ఇవన్నీ సాకులే. అసలు సంగతి ఇది. నేను నేర్పినట్టు కాకుండా ఈయన ఇంకేదో చేసే ఉంటాడని నా మనసులో కూడా ఒక మాట కదిలింది. అడవి మనిషి, ఏం ముట్టుకున్నాడో ఏమో అని. ఏడాదిగా ఒక్క తప్పు చేయని మనిషి గురించి అలా అనుకున్నాను. ఆయనని పిలిచి ఏం జరిగింది కాకా అని అడగడానికి యాభై అడుగులు నడవాలి. నడవలేదు. రాసిచ్చి వచ్చేశాను. బండి తీస్తుంటే దూరంగా చాంబర్ల మధ్య ఆయన వాల్వు దగ్గర వంగి కనిపించాడు. చేత్తోనే తిప్పి తుంపర వదులుతున్నాడు. నా వైపు చూడలేదు.

పదిరోజుల తర్వాత ఒక పంపు స్టార్టర్ పని మీద మళ్లీ అక్కడికి వెళ్లాను. కాకా లేడు. నీళ్ల డ్రమ్ము దగ్గర ట్రేలు కడుగుతున్న ఒకావిడను అడిగాను. చాంబర్లో ఆ రోజు నా మాట విన్న ఇద్దరిలో ఆమె ఒకతి. ఆమె నా ముఖం చూడకుండా చెప్పింది. నేను రాసిన కాగితం చేతిలో పట్టుకుని ఓనర్ అందరినీ ఆఫీసు ముందు నిలబెట్టాడట. కాగితం చదివి వినిపించాడట. అడివోళ్లకు తీగలు అప్పజెప్తే గిట్లనే ఉంటదని అన్నాడట. తీగలు కలిపినవా లేదా అని అడిగితే కాకా, అవ్, కలిపిన అన్నాడట. ఎవరు కలపమన్నారని అడిగితే మాట్లాడలేదట. రేపటి నుంచి రావద్దన్నాడట.

"ఆయన ఆ దినం పరుగుపరుగున వాల్వులు తిప్పిండు," అంది ఆమె. "ఎనిమిదిల అయిదు చాంబర్లు బతికినయ్. గా ముచ్చట ఎవ్వరు చెప్పలే." ఆగి, ట్రే బోర్లించి, అప్పుడు నా వైపు చూసింది. "కలపమన్నది నువ్వు అని గూడ చెప్పలే."

సిగ్గు ముందు వచ్చింది, కోపం ఆ వెనకే వచ్చింది. సిగ్గుకు నేనే కారణం కాబట్టి దాన్నేం చేయలేను. కోపానికి మాత్రం పని ఉంది. ఆఫీసులోకి వెళ్లి ఆ కాలిన కార్డు ఇవ్వమన్నాను. దేనికని ఓనర్ అడిగితే విడిభాగాలు పనికొస్తాయని అబద్ధం చెప్పాను. సొరుగులోంచి తీసి బల్ల మీద పడేశాడు. దాంతోపాటు కంపెనీవాళ్లు మొదట్లో ఇచ్చిన స్పేర్ చిప్పుల కవరు కూడా ఉంది, అందులో మూడు మిగిలాయి. అవీ తెచ్చుకున్నాను.

ఆ సాయంత్రం దుకాణంలో స్పేర్ చిప్ ఒకటి తీసి భూతద్దం కింద పెట్టాను. పైన పేరున్న కంపెనీ గుర్తు, నంబరు అన్నీ సరిగానే ఉన్నాయి. దూదికి థిన్నర్ అద్ది మెల్లగా రుద్దాను. అక్షరాలు దూదికి అంటుకుని వచ్చేశాయి. అసలు చిప్పుల మీద అలా రావు. నల్లరంగు పూత కూడా లేచింది, కింద ఇంకేదో నంబరు సగం అరిగిపోయి కనిపించింది. ఎక్కడో పాత బోర్డుల నుంచి ఊడదీసిన వేరే సరుకును అరగదీసి, రంగేసి, కొత్త పేరు కొట్టి అమ్మారు.

అయినా రాతను బట్టి తేల్చేయడం ఇష్టం లేదు. ఒకసారి అలా రాసే కదా ఇంతదాకా తెచ్చాను. టంకం లేకుండా కాళ్లు గుచ్చి పరీక్షించే బ్రెడ్‌బోర్డు మీద అయిదు వోల్టులిచ్చి, రెండు అవుట్‌పుట్ కాళ్లనూ మీటర్ ద్వారా కలిపాను. నా దగ్గరున్న మంచి చిప్‌తో మొదలుపెట్టాను. కరెంటు వంద మిల్లీయాంపుల లోపే నిలబడింది. కొంచెంసేపటికి చిప్ వేడెక్కింది. అరగంట అలాగే వదిలేశాను. తీగ విప్పి చూస్తే ముందెలా ఉందో అలాగే పనిచేసింది. తర్వాత ఆ నకిలీది పెట్టాను. కలిపిన వెంటనే మీటరు నాలుగు వందలు దాటింది. హద్దు అనేదే లేదు దానికి. నిమిషం లోపే వేలు పెట్టలేనంత వేడి, రెండో నిమిషంలో వాసన, తర్వాత నడినెత్తిన సన్నటి పగులు. కాలిన కార్డు మీదున్న చిప్ పక్కన పెట్టి చూశాను. అదే చోట అదే పగులు. ఇన్నాళ్లూ కాకా కలిపి క్షణాల్లో వదిలేసేవాడు కాబట్టే అది బతికింది, ఆ రోజు ఇంకాస్త ఎక్కువసేపు పట్టుకుని ఉంటాడు.

కేబుల్లో ఇంకేదో పెద్ద వోల్టేజీ తాకి ఉంటే మంచి చిప్ కూడా పోతుంది, దాని ఓర్పుకూ ఒక అంచు ఉంది. అది కూడా ఆలోచించాను. ఆ కేబుల్లో ఉన్నవి ఆ రెండు తీగలూ ఒక ఎర్త్ తీగ మాత్రమే. పెట్టెలకు కరెంటు ఎక్కడికక్కడ వేరే అడాప్టర్ నుంచి వస్తుంది. తాకడానికి ఇంకేమీ లేదు. ఆ వారమంతా మబ్బన్నది లేదు కాబట్టి పిడుగు మాట కూడా లేదు. కాకా చేసింది నేను నేర్పిన పని, నేర్పినట్టే చేశాడు. ఆ చిప్ దాన్ని తట్టుకోవాలి. తట్టుకుంటుందని దాని పేరు మీద అమ్మినవాడు ఎవడో దొంగ. ఆ దొంగతనం మీద నేను ముద్ర వేశాను.

ఓనర్‌కు ఫోన్ చేసి, కొత్త కార్డు బిగించడానికి ఇంజనీరు ఎప్పుడు వస్తాడో అడిగాను. రెండు రోజుల్లో అన్నాడు. ఆ పొద్దున ఇంజనీరు కంటే ముందే వెళ్లి ఆఫీసులో కూర్చున్నాను. ముప్పై ఏళ్లుంటాయి అతనికి, ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ గుర్తింపు కార్డు. కొత్త కార్డును కవర్‌లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అందులోని లైన్ డ్రైవర్ మీద కూడా అదే రంగు, అదే అచ్చు. దూదితో రుద్దనక్కర్లేదు, రెండు రోజులుగా చూస్తున్నదే.

నేను నా దగ్గరి మంచి చిప్ ఉన్న బోర్డు ముందుకు జరిపి, దానికి కరెంటిచ్చి, ఓనర్ చూస్తుండగా రెండు తీగల మీదా స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి వదిలేశాను. ఇదిగో షార్ట్, మీరు కాగితంలో రాయించిందే ఇది, చూస్తూ ఉండండి అన్నాను. అయిదు నిమిషాలు అలాగే ఉంచాను. స్క్రూడ్రైవర్ తీసేశాను, బోర్డు మీద దీపం మళ్లీ ఎప్పటిలాగే మిణుకుమంది. కాకా చేసింది ఇంతే, ఏ డేటాషీట్‌లోనైనా దీన్ని తట్టుకుంటుందనే రాసి ఉంటుందని ఓనర్‌కు చెప్పాను. మీరు పెట్టిన కార్డుకు ఆ హద్దు లేదు అని ఇంజనీరుకు చెప్పాను.

ఇంజనీరు నవ్వాడు. బల్ల మీద చూపించినవి వేరు, ఫీల్డ్ కండిషన్ వేరు మేడం అన్నాడు.

ఆ నవ్వుకు నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. గొంతు పెంచలేదు. స్క్రూడ్రైవర్ అతని ముందు పెట్టాను.

"ఇది మీ కార్డే కదా సార్. కొత్తది. కరెంటియ్యండి, రెండు తీగలూ మీరే కలపండి. అయిదు నిమిషాలు పట్టుకోండి."

అతను స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. వారంటీ గురించి ఏదో అన్నాడు. వారంటీ మీదే కదా అన్నాను. ఆఫీసుకు చెప్పకుండా టెస్టింగ్ చేయకూడదన్నాడు. ఓనర్ అతని చేతుల వైపు చూస్తున్నాడు. ఆ చేతులు బల్ల కిందికి వెళ్లిపోయాయి. గుమ్మంలో ట్రేలు కడిగే ఆవిడ, ఇంకో నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లకు నేను ముందే చెప్పి ఉంచాను, వచ్చి చూడమని. కాకాను అందరి ముందు నిలబెట్టి అడిగిన చోటికి నాలుగడుగుల్లోనే ఇప్పుడు ఈ ఇంజనీరు కూర్చుని ఉన్నాడు. ఒక పెద్దమనిషి ధైర్యంగా చేసిన పనిని ఈయన తన సొంత కార్డు మీద చేయలేకపోయాడు.

"సరే," అన్నాడు ఓనర్ చివరికి. ఇంజనీరుతో, మంచి చిప్పులున్న కార్డు పంపించండి, నాకు ప్యానెల్ నడిస్తే చాలు అన్నాడు. అతను తలూపాడు. ఇద్దరూ చాయ్ తెప్పించుకున్నారు.

అంతే. వాళ్లకు అది కార్డు సంగతి. మార్చేస్తే అయిపోయింది. మరి పెద్దాయన సంగతేందని నేను అడిగాను. ఓనర్ చిరాకు పడ్డాడు.

"ఆయన పోయి పది పన్నెండు రోజులాయె. ఇప్పుడదంతా ఎందుకమ్మా. రమ్మని కబురు చేస్తలే."

"కబురు కాదు," అన్నాను. "అందరిముందు అన్న మాట అందరిముందే వాపసు తీసుకోవాలె."

నీ పని నువ్వు చూసుకో అన్నట్టు ఆయన ఫోన్ తీసుకున్నాడు. నేను ఫైలు అడిగాను. అందులోంచి నా కాగితం బయటికి లాగి, 'కారణం' గడిలో రాసింది అడ్డంగా కొట్టేసి, పక్కన రాశాను: చిప్ నకిలీది. కరెంటు హద్దు లేదు. తీగలు కలిపిన మనిషి తప్పు లేదు. ముందు పరీక్షించకుండా రాసిన తప్పు నాది. మళ్లీ సంతకం చేసి, ముద్ర వేసి, గుమ్మంలో ఉన్నవాళ్లకు చదివి వినిపించాను. ఓనర్ ముఖం ఎర్రబడింది. ఇంజనీరు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు బయటికి వెళ్లిపోయాడు. దాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకుని, దారిలో జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని, అటు నుంచి అటే గూడెం బయల్దేరాను.

గూడేనికి స్కూటీ సగం దూరమే పోతుంది. తర్వాత నడక. బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. ఇళ్ల ముందు ఆడామగా కూర్చుని ఆకు కట్టలు కడుతున్నారు. వాళ్లలో వాళ్లు కోయలో మాట్లాడుకుంటున్నారు, నేను రాగానే మాటలు ఆగాయి. కాకా ఇంటి చూరు కింద ఉన్నాడు. కూర్చోమని పీట వేశాడు, నీళ్లిచ్చాడు. కట్ట కట్టడం మాత్రం ఆపలేదు.

నేను ఆ ప్రింటు ఇచ్చి, అందులో ఏముందో చెప్పాను. చిప్ సంగతి, ఇంజనీరు స్క్రూడ్రైవర్ ముట్టుకోని సంగతి అన్నీ చెప్పాను. ఆయన మెచ్చుకుంటాడని ఎక్కడో లోపల ఆశ ఉండి ఉంటుంది. అంతా విన్నాడు. నకిలీ చిప్ ఎట్లుంటది అని అడిగాడు. తీసి చూపించాను. వేలి మీద పెట్టుకుని వెలుతురులో తిప్పి చూసి తిరిగి ఇచ్చాడు. అప్పుడు అడిగాడు.

"ఆ దినం నన్ను పిలిచి అడగకుండ ఎందుకు రాసినవ్ బిడ్డా?"

గొంతులో కోపం లేదు. తీగలు ఎందుకు మెలేస్తారని అడిగినప్పుడు ఎలా అడిగాడో అలాగే అడిగాడు. నిజంగా కారణం తెలుసుకోవాలని. నేను తొందర గురించి, ఉక్క గురించి, ఫోన్ గురించి చెప్పబోయి ఆపేశాను. నిజం చెప్పాను. నువ్వే ఏదో తప్పు చేసి ఉంటావనుకున్న కాకా అన్నాను.

ఆయన కొంతసేపు ఆకులు సర్దాడు. "నువ్వు గూడ," అన్నాడు. ఆయన భార్య లోపలి నుంచి వచ్చి నా ఖాళీ గ్లాసు తీసుకుపోయింది. నేను నేర్పానని ఎందుకు చెప్పలేదు అని అడిగాను. చెప్తే నిన్ను గూడ పిలవకపోదురు అన్నాడు, నీకు ఆ పని ఒక్కటే కదా అన్నాడు. అడవి ఉంది, ఆకు ఉంది, తనకు బతకడానికి ఏదో ఒకటి ఉందన్నాడు. అది దయ అని నాకు తెలుసు. దయ కూడా ఒక్కోసారి మనిషిని ఎంత గట్టిగా కొడుతుందో ఆ రోజు తెలిసింది. దారి పొడుగునా ఏడుస్తూ బండి నడిపాను.

ఓనర్ నిజంగానే కబురు పంపాడు. జూన్‌లో వానలు పడ్డాక, ఒకసారి కాదు, రెండుసార్లు. కాకా ఒక్కటే చెప్పి పంపాడట. ఎంతమంది ముందు అన్నడో అంతమంది ముందు చెప్పాలె, అప్పుడొస్త. ఓనర్ అలా చెప్పలేదు. కాకా వెళ్లలేదు. ఆ తర్వాత ప్యానెల్ కోసం ఓనర్ నన్ను కూడా పిలవలేదు. ఖమ్మం నుంచి ఇంకెవరినో పిలిపించుకుంటున్నాడని విన్నాను. కంపెనీ ఎనిమిది పెట్టెల్లోనూ ప్యానెల్లోనూ చిప్పులు మార్చి, రిపోర్టులో అప్‌గ్రేడ్ అని రాసుకుందట. నకిలీ అన్న మాట ఎక్కడా లేదు. నేను ఆ కంపెనీకి ఫోటోలతో సహా రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి ధన్యవాదాలు చెబుతూ ఒక మెయిల్ వచ్చింది. రెండోదానికి అదీ లేదు.

కాకాతో మాట్లాడుతూనే ఉన్నాను. గూడెంలో నీళ్ల బోరు స్టార్టర్ ఆగితే ఫోన్ చేశాడు, వెళ్లాను. ఇద్దరం కలిసి విప్పాం. తప్పు ఎక్కడుందో నాకంటే ముందు ఆయనే పట్టాడు. ఇప్పుడు దూరంగా కేబుల్ పని ఏదైనా వస్తే ఆయనని రమ్మంటాను. తీరిక ఉంటే వస్తాడు, లేకపోతే రాడు. ఆ పాత సంగతి ఆయన ఎత్తడు. మరిచిపోయాడని నేను అనుకోను.

పోయిన వేసవిలో బూర్గంపాడు వైపు ఒక వేబ్రిడ్జి దగ్గర పనిచేస్తున్నాను. డిస్‌ప్లేకు వెళ్లే తీగలు, అలా మెలేసిన రెండు తీగలే, విప్పి పట్టుకుంటే ఆపరేటర్ కంగారు పడ్డాడు. జాగ్రత్త మేడం, రెండూ తగలనియ్యకండి, ఏదో నర్సరీలో ఒక కోయ ముసలోడు గిట్లనే కలిపి మొత్తం ప్యానెల్ కాలబెట్టిండంట అన్నాడు. నవ్వుతూ చెప్పాడు. ఎవరో లారీ డ్రైవర్ చెప్పాడట అతనికి.

నా కాగితం దిద్దాను, చదివి వినిపించాను, ఉత్తరాలు రాశాను. దిద్దిన మాట ఆఫీసు గది గుమ్మం దాటలేదు. నేను అర నిమిషంలో రాసిన అబద్ధం మాత్రం లారీలెక్కి ఊళ్లు తిరుగుతోంది. చేతిలో తీగలు అలాగే పట్టుకుని అతన్ని కూర్చోమన్నాను. లోడు లారీ ఒకటి వచ్చి హారన్ కొడుతోంది. కొట్టనీ అన్నాను. ఎండలో నిలబడి, ఆ రెండు తీగలనూ అతని కళ్ల ముందే కలిపి పట్టుకుని, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.